బిందె అడుగున తెల్ల పొర: ఈ నెల మీ ఉత్తరాలు, నా జవాబులు

మీ ఊరి నీళ్లు, మట్టి, గాలి గురించి ఆడవాళ్లు ఏమనుకుంటున్నారో రాయమని క్రితం సంచికలో అడిగాను. ఎక్కువ ఉత్తరాలు గోదావరి డెల్టా పల్లెల నుంచే వచ్చాయి, కొన్ని వాట్సాప్‌లో మాటలుగా వస్తే మా పిల్లలు రాసి ఇచ్చారు. పేరు వేయొద్దని దాదాపు అందరూ కోరారు కాబట్టి ఎవరి పేరూ, ఏ ఊరి పేరూ వేయట్లేదు. ఒకే రకం ప్రశ్నలు కొన్నింటిని కలిపేశాను.

ప్రశ్న: అక్కా, మాది భీమవరం పక్క పల్లె. చుట్టూ ఉన్న వరిచేలన్నీ ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోయాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటున్నాయి. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా బద్ద బద్దగానే ఉంటోంది, బిందె అడుగున తెల్లగా పొర కడుతోంది. మొన్న మా మంచినీళ్ల చెరువు పక్కనే ఇంకో చెరువు తవ్వడానికి పొక్లెయిన్ దిగితే డ్వాక్రా ఆడవాళ్లం వెళ్లి అడ్డం నిలబడ్డాం. ఆ పూటకి వెళ్లిపోయింది, మళ్లీ వస్తుంది. మాలో పెద్దగా చదువుకున్నవాళ్లు లేరు. ఎవరికి చెప్పాలి, ఏం చెయ్యాలి?

జవాబు: చెల్లీ, పప్పు ఉడకట్లేదని కనిపెట్టారు చూడండి, మీ ఊరి నీళ్ల మీద మొదటి రిపోర్టు అదే. నీళ్లలో ఉప్పు, సున్నం పెరిగితే పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెకి పొర కడుతుంది, టీ పెడితే విరిగినట్టు అవుతుంది. ఏ ఇంజినీరుకన్నా ముందు ఇది తెలిసేది పొయ్యి దగ్గరున్న మనిషికి. అందుకే ఈ గొడవల్లో ముందు వరసలో ఆడవాళ్లే ఉంటున్నారు. వాళ్లని ఎవరో ఎగదోయడం వల్ల కాదు, నీళ్ల సంగతి వాళ్లకి రోజుకి పదిసార్లు తగులుతుంది కాబట్టి. పైగా చేను చెరువైతే నాట్లు పోతాయి, కలుపు పోతుంది, కోత పోతుంది. చెరువుకి ఒక కాపలా మనిషి, మేత చల్లే మనిషి ఉంటే సరిపోతుంది. నీళ్లూ, కూలీ ఒకేసారి పోగొట్టుకునేది ఆడకూలీలే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

అయితే వంటింట్లో తెలిసింది కాగితం మీదికి ఎక్కకపోతే ఆఫీసులో దానికి లెక్క లేదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మా అమ్మగారి ఊళ్లో ఒక వానాకాలం గట్టు తెగి పక్క రొయ్యల చెరువు నీళ్లు మంచినీళ్ల చెరువులో కలిశాయి. ఆడవాళ్లందరం కలిసి పంచాయతీ ఆఫీసుకి వెళ్లాం, గంటసేపు గట్టిగా మాట్లాడాం, చూస్తామమ్మా అన్నారు, గెలిచినట్టే ఇంటికి వచ్చాం. ఆరు నెలల తర్వాత ఆ రోజు మినిట్స్ పుస్తకం తీయించి చూస్తే వీధిదీపాల సంగతి ఉంది, ఇంటిపన్ను సంగతి ఉంది, మా సంగతి ఒక్క ముక్క లేదు. గొంతులు బొంగురుపోయేలా మాట్లాడాం కానీ ఒక్కరం కూడా "ఇది రాయండి, రాసింది చదివి వినిపించండి" అనలేదు. ఆ పేజీ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది. ముందు నీళ్లు పరీక్ష చేయించండి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకి నీటి పరీక్ష నేర్పించి కిట్ ఇవ్వాలని నియమం ఉంది, మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరో అడగండి, ఎవరూ లేకపోతే మీ సంఘం నుంచి పేర్లు ఇవ్వండి. తాగునీటికి జాతీయ ప్రమాణం ఉంది: లీటరు నీళ్లలో క్లోరైడు 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, ఇంకే దారీ లేనప్పుడు 1000 వరకు ఓర్చుకోవచ్చు; కరిగిన లవణాలు మొత్తం 500 లోపు, దారి లేకపోతే 2000 వరకు. ఈ అంకెలు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. కిట్‌తో వచ్చిన ఫలితం మీకు తెలియడానికి పనికొస్తుంది, అధికారుల ముందు పెట్టడానికి మాత్రం గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్ ఇచ్చే కాగితమే కావాలి.

రెండోది, ఆ సర్వే నంబరులో చెరువు తవ్వడానికి అనుమతి ఉందా లేదా అన్నది. ఉప్పునీటితో తీరంలో చేసే సాగుకి కేంద్రం 2005లో తెచ్చిన చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, మన రాష్ట్రంలో 2020 నుంచి ఆక్వా సాగుకి లైసెన్సు చట్టం వేరేగా ఉంది. అనుమతి ఇచ్చేముందు రెవెన్యూ, మత్స్యశాఖ, వ్యవసాయం, నీటిపారుదల వాళ్లు చూసి రాయాలి. ఆ కాగితాల నకళ్లు ఇమ్మని సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తుకి ఫీజు లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నాకు తెలిసినంతలో ఈ దరఖాస్తు పడగానే చాలాచోట్ల పొక్లెయిన్ తనంతట తనే వెళ్లిపోతుంది, ఎందుకంటే కాగితం లేకుండానే తవ్వుతుంటారు.

మూడోది, ఫిర్యాదు. తహశీల్దారుకి ఒకటి, మత్స్యశాఖకి ఒకటి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఒకటి. ప్రతిసారీ రసీదు నంబరు తీసుకోండి. ఒక్కరి పేరుతో వద్దు, గ్రామ సమాఖ్యలో తీర్మానం రాసి అందరూ సంతకాలో వేలిముద్రలో పెట్టి ఆ తీర్మానం జత చెయ్యండి. ఇవన్నీ చేసినా కదలకపోతే చెన్నైలో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచి ఉంది, మన కేసులు అక్కడికే వెళ్తాయి. గొడవ మొదలైన ఆరు నెలల లోపు వెయ్యాలి అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోండి. చాలామంది ఆఫీసుల చుట్టూ తిరిగి ఏడాది దాటాక లాయరు దగ్గరికి వెళ్తారు, అప్పటికి గడువు పోయి ఉంటుంది. పొక్లెయిన్ దిగిన తేదీ ఈరోజే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను నరసాపురం దగ్గర హైస్కూల్లో టీచర్ని. పర్యావరణం, మహిళలు అనగానే పాఠాల్లో చెట్లని కౌగిలించుకున్న హిమాలయాల ఆడవాళ్ల గురించే ఉంటుంది. మా పిల్లలు చెట్టు చూస్తే కొబ్బరి, నేల చూస్తే బురద. మనలాంటి చోట ఎవరూ లేరా?

జవాబు: ఉన్నారు టీచర్ గారూ. మీ పిల్లలకి కృష్ణమ్మాళ్ జగన్నాథన్ గారి గురించి చెప్పండి. మనది గోదావరి డెల్టా, ఆవిడ పనిచేసింది తమిళనాడు కావేరి డెల్టాలో, నాగపట్నం వైపు. అక్కడా వరే, అక్కడా కాలువలే, అక్కడా 1990ల్లో రొయ్యల చెరువులు పంట భూముల్లోకి దిగాయి. భూమి లేని దళిత కుటుంబాల ఆడవాళ్లతో కలిసి ఆవిడా, ఆవిడ భర్త జగన్నాథన్ గారూ అహింసగా అడ్డం నిలబడ్డారు. వీధిలో నిలబడటంతో ఆపలేదు, 1994లో జగన్నాథన్ గారి పేరుతో సుప్రీంకోర్టులో కేసు వేశారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది: పంట భూములు, మడ అడవులు, చిత్తడి నేలలు, ఊరి ఉమ్మడి భూములు రొయ్యల చెరువులుగా మార్చకూడదని. ఆ తీర్పు కావేరికి ఎంతో గోదావరికీ అంతే. తర్వాత వచ్చిన 2005 చట్టం తీరంలో సాగుకి వేరే దారి తెరిచింది, ఆ సంగతి కూడా దాచకుండా పిల్లలకి చెప్పండి. 2008లో ఆ ఇద్దరికీ రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది, 2020లో ఆవిడకి పద్మభూషణ్ ఇచ్చారు. నాకు వీటికన్నా ఎక్కువ నచ్చేది ఇంకోటుంది. వాళ్ల సంస్థ పేదలకి ఇప్పించిన పొలాలు ఆడవాళ్ల పేరున రాయించింది. నేల పేరున ఉన్న ఆడమనిషి నీళ్ల గురించి మాట్లాడే తీరే వేరు.

ఇంకొకరు కేరళలో ప్లాచిమడ అనే ఊరి ఆదివాసీ మనిషి, మయిలమ్మ. శీతల పానీయాల ఫ్యాక్టరీ వచ్చాక వాళ్ల బావుల నీళ్లు పాడయ్యాయి, 2002లో ఆవిడలాంటి ఆడవాళ్లు ఫ్యాక్టరీ ఎదురుగా పందిరి వేసుకుని కూర్చున్నారు. 2003లో అక్కడి పంచాయతీ లైసెన్సు పొడిగించం అంది, 2004లో ఫ్యాక్టరీ ఆగింది.

మరీ దగ్గరగా కావాలంటే మీ పక్కనే తుందుర్రు ఉంది. రొయ్యలు, చేపలు శుద్ధి చేసే ఆక్వా ఫుడ్ పార్కు మురుగు గొంతేరు డ్రెయిన్‌లో కలుస్తుందనీ, ఆ డ్రెయిన్ మీద బతికే చేపల వేటగాళ్ల పొట్ట కొట్టినట్టవుతుందనీ తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి జనం ఏళ్ల తరబడి పోరాడారు. 2016లో 144 సెక్షన్ పెట్టారు, కేసులు పెట్టారు, జైలుకి పంపారు. అప్పుడు రోడ్డు మీద కనిపించినవాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో ఆనాటి పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది. మురుగుని డ్రెయిన్‌లోకి కాకుండా పైపులైను వేసి సముద్రంలోకి పంపుతామని ప్రభుత్వం చెప్పిందంటే అది వాళ్ల వల్లే. మీ బడిలో ఆ ఊళ్ల పిల్లలు ఉంటే వాళ్ల అమ్మమ్మనో నానమ్మనో ఒకరోజు క్లాసుకి పిలవండి, నా ఈ రెండు పేరాలకన్నా ఆవిడ చెప్పేదే పిల్లలకి ఎక్కుతుంది.

ప్రశ్న: మా సంఘం లీడరుని నేనే. ఊరి డ్రెయిన్‌లో రొయ్యల షెడ్డు మురుగు వదులుతున్నారని కంప్లయింట్ పెట్టినప్పటి నుంచి ఇంట్లో గొడవ. మా బావగారు "ఆడది రోడ్డెక్కితే కేసులవుతాయి, రేపు పిల్లల ఉద్యోగాలకి అడ్డమొస్తాయి" అంటున్నారు. మా ఆయన సరేననీ అనరు, వద్దనీ అనరు. నాకు రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు: అమ్మా, మీ బావగారి భయం ఉత్తుత్తి భయం కాదు. పైన తుందుర్రు సంగతి రాశాను కదా, కేసులు నిజంగానే అవుతాయి. అందుకే ధైర్యంగా ఉండండి అని రాసి వదిలెయ్యలేను.

చట్టం మీకు ఇచ్చిన రెండు మూడు ఆసరాలు ఉన్నాయి, తెలుసుకుని పెట్టుకోండి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లని అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరి అయితే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. ఆదాయంతో పనిలేకుండా ఏ ఆడమనిషికైనా ప్రభుత్వ ఖర్చుతో లాయరుని పెట్టే హక్కు 1987 న్యాయ సేవల చట్టంలో ఉంది, కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోన్ నంబరు 15100. కేసు పడ్డాక కాదు, ఇప్పుడే ఒకసారి వెళ్లి అక్కడి లాయరు గారికి మీ కంప్లయింటు కాగితాలు చూపించి రండి. మీ ఆయన్ని తీసుకెళ్లండి. ఏమీ అనని మనిషికి ఆ ఆఫీసులో కూర్చుని వింటే సగం భయం పోతుంది, బావగారికి సమాధానం ఆయనే చెప్పుకుంటారు.

ఇంకోటి, లీడరుని నేనే అన్నారు చూడండి, అక్కడే నాకు భయంగా ఉంది. ఒక్కరి పేరే బయట కనబడితే బెదిరించేవాళ్లకి పని తేలిక. కంప్లయింటు మీద పదిహేను సంతకాలు ఉండాలి, సంతకాలు గుండ్రంగా పెట్టించండి, మొదటి పేరు ఎవరిదో తెలియకుండా. ఆఫీసుకి ఈసారి మీరు వెళ్తే వచ్చేసారి ఇంకొకరు వెళ్లాలి, అప్పుడు మాట్లాడటం పదిమందికీ వస్తుంది. ఎవరి ఆస్తి మీదా రాయి పడకూడదు, ఎవరినీ బూతు మాట అనకూడదు, ఆ ఒక్క మాట మీద కేసు నిలబడిపోతుంది. ఏ రాత్రి ఎవరికి భయమేసినా ఫోన్ చేసుకునేలా ఇద్దరిద్దరు జతగా ఉండండి. మీకు నిద్ర పట్టనిది ఆ బరువు ఒక్కరే మోస్తున్నందువల్ల అనిపిస్తోంది నాకు.

ప్రశ్న: మీ పత్రిక ఆడవాళ్లని రెచ్చగొడుతోంది. నేను మూడెకరాలు కౌలుకి తీసుకుని వనామీ రొయ్య వేస్తున్నాను. వరి వేసినన్నాళ్లు అప్పులే మిగిలాయి. ఈ చెరువు మీదే మా అమ్మాయిని ఇంజినీరింగ్ చదివించాను. మమ్మల్ని ఏం చెయ్యమంటారు, చెరువులు పూడ్చేసి చావమంటారా?

జవాబు: అన్నగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వరి గిట్టలేదన్నది అబద్ధమని ఎవరంటారు? 2011లో కోనసీమ రైతులు సార్వాకి (ఖరీఫ్‌కి) పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టారు, అన్నపూర్ణ అని పిలిపించుకున్న నేల మీద. ఆ కష్టమే మిమ్మల్ని చెరువులోకి దింపింది. సీడు, మేత, కరెంటు, వైట్ స్పాట్ తెగులు, 2025లో అమెరికా వేసిన సుంకాలు, ఇవన్నీ మీ నెత్తి మీదే పడ్డాయనీ తెలుసు. చెరువు పూడ్చమని నేను ఎక్కడా రాయలేదు.

నేను అడిగేది వేరు. మీ చెరువు నీళ్లు తీసేటప్పుడు ఎటు వదులుతున్నారు? పంట బోదెలోకా, మురుగు కాలువలోకా? ఉప్పునీళ్లు బోదెలో పడితే కింద చేనుకి చౌడెక్కుతుంది, ఆ చేను రైతు ఒకటి రెండు పంటలు చూసి తనూ చెరువే తవ్వుతాడు, అలా ఒకదాని వెనక ఒకటి. మీ చెరువుకీ పక్క చేనుకీ మధ్య ఊట నీళ్లు పట్టే కాలువ ఉందా? నీళ్లు బయటికి వదిలేముందు బురద తేరుకునే చిన్న మడుగు ఉందా? నిషేధించిన యాంటీబయోటిక్‌లు వాడమని మందుల షాపు వాళ్లు చెబితే వద్దంటున్నారా? వాటి ఆనవాళ్లు దొరికితే విదేశాల్లో సరుకు తిప్పి పంపేస్తారు, ఆ దెబ్బ ముందు పడేది మీలాంటి చిన్న రైతు మీదే. మంచినీళ్ల చెరువు గట్టుని ఆనుకుని మాత్రం ఎవరూ తవ్వకూడదు, ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను. మీ ఇంట్లో కూడా ఇరవై లీటర్ల క్యాను కొంటున్నారా లేదా? మీ ఆవిడని అడగండి, నెలకి ఎన్ని క్యాన్లు, ఎంతవుతోంది అని. ఆ ఆడవాళ్లు మీ శత్రువులు కారు. ఒకసారి కూర్చుని ఏ తేదీన ఎటు వదులుతారో రాసుకుని ఒప్పందానికి రండి. రైతు, ఆడవాళ్లు కలిసి వెళ్లి డ్రెయిన్ పూడిక తీయమని అడిగితే అది ఇంకా తొందరగా అవుతుంది.

ప్రశ్న: రిజర్వేషన్‌లో సర్పంచ్‌ని అయ్యాను. సంతకాలు నావి, కుర్చీ మావారిది. నాకు ఊరి చెత్త, మంచినీళ్ల చెరువు బాగు చెయ్యాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు: సర్పంచ్ గారూ, సంతకం మీదే అన్నారు, అంటే చట్టం ముందు జవాబుదారీ కూడా మీదే. రేపు లెక్కల్లో తేడా వస్తే నోటీసు మీ పేరునే వస్తుంది, కుర్చీకి రాదు. ఆ ఒక్క కారణం చెప్పి ఇంట్లో మాట్లాడండి: "నా పేరున పోయేదాన్ని నేను చదివి పెడతాను." ఎవరూ కాదనలేరు. ఇక చదవకుండా ఏ కాగితం మీదా పెట్టకండి, పంచాయతీ కార్యదర్శిని ఇంటికి రమ్మనకుండా వారానికి ఒక పూట మీరే ఆఫీసులో కూర్చోండి.

మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. రాజ్యాంగంలో పంచాయతీలకి అప్పగించదగ్గవని రాసిన 29 అంశాల్లో తాగునీరు ఉంది, సామాజిక అడవులు ఉన్నాయి, చేపల పెంపకం కూడా ఉంది. ఊరి నీటి, పారిశుధ్య కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలని జల్ జీవన్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ కమిటీని కాగితం మీద కాకుండా నిజంగా కూర్చోబెట్టండి. మొదటి పని పెద్దది పెట్టుకోకండి. వేసవిలో కాలువలు కట్టేసేముందు మంచినీళ్ల చెరువు నింపుతారు కదా, దానికి ముందే గుర్రపు డెక్క తీయించి, గట్టు గండ్లు పూడ్పించి, గేదెలు దిగకుండా కంచె వేయించండి. ఏప్రిల్, మే నెలల్లో ఊరంతా ఆ నీళ్లే తాగుతుంది, అప్పుడు మీ పేరు చెప్పుకుంటారు. గ్రామసభలో ఆడవాళ్లు చెప్పిన ప్రతి మాటా మినిట్స్‌లో రాయించి, అక్కడే పైకి చదివించండి. ఈ పని చేతిలో ఉన్న మనిషి మీరొక్కరే.

ప్రశ్న: మాది కోరంగి దగ్గర చేపల వేట ఊరు. మడ మొక్కలు నాటడానికి కూలికి వెళ్తాం. కాలువ పూడిపోయినచోట నాటితే చచ్చిపోతాయని మాకు తెలుసు, చెబితే వినరు. నాటమన్నచోట నాటి వస్తాం, మరుసటి ఏడాది మళ్లీ అక్కడే నాటిస్తారు.

జవాబు: అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. పోటుకి వచ్చిన నీళ్లు పల్లంలో నిలిచిపోయి, ఎండకి ఆరి, ఉప్పు గడ్డకట్టినంత చిక్కబడితే అక్కడ ఏ మొక్కా బతకదు. ఆటుపోట్లు ఆడేలా ముందు చేపముల్లు ఆకారంలో కాలువలు తీసి, పోటు నీళ్లు లోపలికి వచ్చి తిరిగి పోయేలా చేసి, ఆ తర్వాతే మొక్క నాటాలి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్లు 1990ల చివర్లో మన గోదావరి మడ అడవుల్లోనే, ఊరివాళ్లతో కలిసి ఈ పద్ధతిలో పని చేశారు. కాబట్టి మీ మాటకి సైన్సు ఆధారం ఉంది, భయపడకుండా చెప్పండి.

కోరంగి అభయారణ్యం 1978 నుంచి ఉంది. దాన్ని కాపాడటానికి ఊళ్లలో కమిటీలు పెట్టారు, ఆ కార్యవర్గాల్లో ఆడవాళ్లకి చోటు ఇవ్వాలి. మీ ఊరి కమిటీ పుస్తకంలో ఆడవాళ్ల పేర్లు ఎవరివి ఉన్నాయో చూడమనండి. కొన్నిచోట్ల పేరు ఉన్న మనిషికే ఆ సంగతి తెలియదు. ఈసారి నాటే రోజున మీలో ఒకరు ఫోన్ పట్టుకుని ప్రతి మడి దగ్గర ఫోటో తీయండి, పక్కన కాలువ ఉందో లేదో కనబడేలా. ఆరు నెలలకి అదే చోట నిలబడి మళ్లీ తీయండి. చచ్చిన మడి, బతికిన మడి పక్కపక్కన పెట్టి అటవీ అధికారికి చూపిస్తే ఆయన కూడా కాదనడు, ఆయనకీ పైవాళ్లకి చూపించడానికి అదే కావాలి.

1996 నవంబరు 6 తుఫాను కోనసీమని ఊడ్చేసినప్పుడు వెయ్యిమందికి పైగా పోయారు. ఆ రాత్రి చూసినవాళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. మడ అడవి వెనకున్న ఊరికీ లేని ఊరికీ తేడా వాళ్లని అడిగి రాసి నాకు పంపండి, ఈ శీర్షికలో పూర్తిగా వేస్తాను.

ప్రశ్న: ప్రకృతి వ్యవసాయం ట్రైనింగుకి వెళ్లొచ్చాను. మా ఆయన ఒప్పుకోవట్లేదు, దిగుబడి పోతుందంటున్నారు. (తణుకు వైపు నుంచి)

జవాబు: మొత్తం చేను అడగకండి. పది సెంట్లు అడగండి, పశువుల పాకకి దగ్గరగా ఉన్నవి. జీవామృతం (పేడ, మూత్రం కలిపిన ఎరువు నీళ్లు) మోసేది మీరే కాబట్టి దూరమైతే రెండో నెలకి మానేస్తారు. దాళ్వా (రెండో పంట) కోత అయ్యాక నేల ఖాళీగా వదలకుండా జీలుగో పిల్లిపెసరో చల్లి కలియదున్నండి. ఖర్చు ఎంత తగ్గిందో, బస్తాలు ఎన్ని వచ్చాయో రెండూ రాయండి, ఆయనకి చూపించాల్సింది ఆ లెక్కే. మన రాష్ట్రంలో ఈ సాగు డ్వాక్రా సంఘాల మీదే నడుస్తోంది, 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి పంచుకున్నవాళ్లలో మన రాష్ట్ర కార్యక్రమమూ ఉంది.

ప్రశ్న: నేను రాజమండ్రిలో ఉంటాను, ఉద్యోగం లేదు, పోరాటాలు నావల్ల కాదు. గుడ్డసంచి పట్టుకెళ్తే ఏమైనా ఉపయోగమా?

జవాబు: ఉపయోగమే. కాకపోతే మీ వీధిలో అందరిదీ కలిపి చూడండి. పెళ్లిళ్లకి, వ్రతాలకి వాడుకునేలా నలభై స్టీలు పళ్లేలు, గ్లాసులు మీ అపార్టుమెంటు ఆడవాళ్లు చందా వేసుకుని కొని, అవసరమైనవాళ్లకి తిప్పుతుంటే ఎంత థర్మోకోలు గోదాట్లోకి పోకుండా ఆగుతుందో. కార్తీకంలో దీపాలు వదలడానికి అరటిదొప్పలు వాడమని పక్కింటివాళ్లకి చెప్పేది కూడా మీరే కావాలి.

ప్రశ్న: నీళ్ల శాంపిల్ ఏ సీసాలో పట్టాలి? కూల్‌డ్రింకు సీసా పనికొస్తుందా?

జవాబు: ఉప్పు, లవణాల పరీక్షకి ఒక లీటరు మంచినీళ్ల సీసా చాలు, కూల్‌డ్రింకుది వద్దు, ఆ పంచదార జిగురు ఒక పట్టాన పోదు. బోరు అయితే నాలుగైదు నిమిషాలు కొట్టి, పాత నీళ్లు పోయాక పట్టండి. అదే నీళ్లతో సీసా మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా అంచుదాకా నింపి మూత బిగించండి. సూక్ష్మక్రిముల పరీక్షకి మాత్రం మీ సీసా పనికిరాదు, ల్యాబ్ వాళ్లే శుభ్రం చేసిన సీసా ఇస్తారు, దాన్ని చల్లగా ఉంచి అదే రోజు, మరీ ఆలస్యమైతే 24 గంటల్లోపు చేర్చాలి. సీసా మీద కాగితం అంటించి ఊరు, ఏ బోరు, తేదీ, టైము, పట్టింది ఎవరు అని పెన్సిల్‌తో రాయండి, పెన్ను తడికి చెరిగిపోతుంది. పక్క చెరువు నీళ్లు తీసేసిన రోజు ఒక శాంపిల్, తీయని రోజు ఒక శాంపిల్, రెండూ పట్టండి. ల్యాబ్‌లో రసీదు ఇవ్వకపోతే సీసా ఇచ్చి రాకండి.